నా సోల బడికెళ్ళింది

కాశీనగరం, ఒడిశా
మాఘ మాసం, ఆదివారం

చిరంజీవి పెద్దబాబుకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ బుజ్జీ క్షేమం. సూరత్‌లో నువ్వూ కోడలూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరమేటి అనుకోకు. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడి గదికొచ్చిన వాడితో ఇంత మాట ఫోనులో చెప్పడానికి నాకు మనసొప్పలేదు. నువ్వు ఊఁ ఊఁ అంటూనే నిద్రలోకి జారిపోతావు. లేదంటే సగంలో బుజ్జి ఫోను లాక్కుంటుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఎదురింటి కుర్రాడు దీన్ని ఫొటోలు తీసి నీకు పంపుతానన్నాడు. సెలవు దొరికిన పూట తీరిగ్గా చదువు, కోడలికీ వినిపించు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వన్న మాట గురించే ఇదంతా. "ఏప్రిల్ నుంచి బుజ్జిని పర్లాకిమిడిలో ఇంగ్లీషు మీడియంలో వేసేద్దామమ్మా, ఆటో మాట్లాడేద్దాం, ఫీజు నేను పంపుతాను. మనూరి బళ్ళో ఏటి చదువుతున్నారు, ఇసకలో ఆడుకుంటున్నారు" అన్నావు. ఆ రోజు నేనేమీ అనలేదు. అనడానికి నాకూ తెలీదు. ముప్పయ్యేళ్ళు అంగన్‌వాడీలో ఈ ఊరి పిల్లల్ని సాకాను. బరువులు తూచాను, గుడ్లు వలిచి పెట్టాను, పాటలు నేర్పాను. ఆరేళ్ళు నిండి నా చెయ్యి దాటి పెద్దబడికి వెళ్ళాక వాళ్ళు ఆ గదిలో పొద్దంతా ఏం చేస్తారో లోపలికెళ్ళి చూసింది లేదు. ఇప్పుడు చూశాను.

బియ్యం కొలిచే నా ఇత్తడి సోల కనబడకపోవడంతో మొదలైంది. మీ నాయనమ్మ నాకు కాపరానికొచ్చిన కొత్తలో ఇచ్చిన సోల. బియ్యం డబ్బాలో ఉండాల్సింది లేదు. అటక దించాను, గాదె వెనక చూశాను. ఆఖరికి పక్కింటావిడ, మీ మనవరాలు పొద్దున్న సంచీలో పెట్టుకుని పోతోంది కదా అంది. నాకు కోపం నషాళానికంటింది. చెప్పులేసుకుని తిన్నగా బడికెళ్ళాను.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. గదిలో పిల్లలు నేల మీద మూడు గుంపులుగా కూర్చుని ఉన్నారు. ప్రతి గుంపు మధ్యా వంశధార ఇసక ఒక చిన్న కుప్ప. నా సోల ఒక గుంపులో ఉంది, దాని పక్కన ఎవరింటి నుంచో వచ్చిన గిద్ద ఉంది. ఇంకో గుంపులో బెత్తంతో అల్లిన, ధాన్యం కొలిచే మాణ. అదే, మన ఒడియా వాళ్ళు మార్గశిర గురువారాలు ధాన్యం పోసి లక్ష్మిని నిలబెట్టి పూజ చేస్తారే, అది. మూడో గుంపులో ఎండిన ఆనపకాయ డొప్ప. కొండ మీద నుంచి వచ్చిన సవర పిల్లాడు తెచ్చాడట. వాళ్ళింట్లో అంబలి దాంతోనే కొలిచి పోస్తారట.

దిదీ, అదే బడి టీచరమ్మ, నన్ను చూసి, "రండి మాఉసీ, సోల మీదేనా? అడిగి తీసుకురమ్మని చెప్పాను, అడగలేదా?" అంది. బుజ్జి తల దించుకుంది. ఆ పిల్ల ముఖం చూసేసరికి నా కోపం ఎటు పోయిందో! కూర్చోమని చాప వేసింది దిదీ. ఆమె బరంపురం వైపు మనిషి. తెలుగు వచ్చీరానట్టు మాట్లాడుతుంది. మన పిల్లల దగ్గరే నేర్చుకున్నానంది. ఒకటో తరగతీ రెండో తరగతీ కలిపి ఒక్క గది, ఆమె ఒక్కతే టీచరు. పేర్లు రాసి ఉన్నవాళ్ళు ఇరవై ఆరుగురు. ఆ రోజు వచ్చినవాళ్ళు ఇరవై ఇద్దరు. ఈ లెక్క నాకు దిదీ చెప్పలేదు, గోడకున్న గుడ్డ సంచీ చెప్పింది. దానికి రెండు వరసల జేబులు కుట్టి ఉన్నాయి. పైన ఇంటి బొమ్మ, కింద బడి బొమ్మ. పొద్దున్న రాగానే ఎవరి పేరు రాసిన అట్టముక్క వాళ్ళు ఇంట్లోంచి తీసి బడిలో పెట్టాలి. ఆ తర్వాత ఇంట్లో ఎన్ని మిగిలాయో ఒకరు లెక్కబెట్టి చెప్పాలి. ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు రాకముందే తమ పేరు ఎలా ఉంటుందో దీంతోనే గుర్తుపడతారట. నేను అంగన్‌వాడీలో ముప్పయ్యేళ్ళు హాజరు పిలిచాను, నాకు ఈ ఆలోచన రాలేదు.

ఇసక సంగతి చెప్తాను. సోలకి ఎన్ని గిద్దలు పడతాయో ముందు ఊహించమంది దిదీ. కొలవకుండా, ఊరికే చూసి. బుజ్జి ఐదంది. ఒకడు పదన్నాడు. ఎవరి అంకె వాళ్ళు పలక మీద రాసుకున్నారు. అప్పుడు కొలిచారు. ఒక పిల్ల పోస్తే మూడు గిద్దలకే సోల నిండిపోయింది. బుజ్జి పోస్తే నాలుగు పట్టాయి. ఇద్దరూ నాదంటే నాదని దెబ్బలాటకి దిగారు. నాకు నోరు ఊరుకోక, సోలకి నాలుగు గిద్దలే అని చెప్పబోతే దిదీ కళ్ళతోనే వద్దంది. ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. పిల్లలు మళ్ళీ పోశారు, మళ్ళీ పోశారు. చివరికి ఆ సవర పిల్లాడే పట్టుకున్నాడు. మూడన్న పిల్ల గిద్దని గోపురంలాగా పోస్తోంది. బుజ్జి అంచుకి అరచెయ్యి పెట్టి తుడిచేస్తోంది. ఎందుకు తుడుస్తున్నావే అంటే, మా నానమ్మ బియ్యం అలాగే కొలుస్తుంది అంది. ఆ మాట విన్నప్పుడు నాకెలా ఉందో నీకు రాయలేను.

తలకొట్టి కొలవాలని అప్పుడు అందరూ ఒప్పుకున్నారు. గోపురం పోసిన పిల్ల కూడా తుడిచి పోసి, నాలుగే అని తనంతట తాను చెప్పింది. నేనే ఆ అంకె ముందు చెప్పేసుంటే ఈ గొడవంతా ఉండేది కాదు, ఈ తెలివిడీ ఉండేది కాదు.

తర్వాత దిదీ నన్ను అడిగింది, మీ ఇళ్ళలో కొలతలు ఎలా సాగుతాయో చెప్పమని. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని చెప్పాను. పిల్లలు వేళ్ళు ముడుస్తూ కుంచానికి ఎన్ని సోలలో కట్టడం మొదలుపెట్టారు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఎవరూ ఎక్కం చదవలేదు, ఊరికే రెట్టించుకుంటూ పోయారు. పదహారు దగ్గర గది గది అంతా అరిచింది.

కానీ మాణ దగ్గర లెక్క తెగలేదు. మాణ నిండా సోలలతో పోస్తే చివర్లో సోలలో కొంచెం మిగిలిపోయింది. ఒడియా వాళ్ళ పిల్ల మా మాణే సరైనదంది. బుజ్జి మా నానమ్మ సోలే సరైనదంది. మరి అంగట్లో కొట్టువాడు మాణతో ఇచ్చి మీ అమ్మ సోలతో కొలుచుకుంటే ఎవరిది ఒప్పు అని అడిగింది దిదీ. పిల్లలు చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు. తర్వాత ఒక గుంట లేచి, అందరూ ఒక్కదాంతోనే కొలవాలి అంది. అప్పుడు దిదీ సంచీలోంచి లీటరు సీసా తీసి మధ్యలో పెట్టింది. కిలో, లీటరు మూడో తరగతిలో గట్టిగా వస్తాయట. రెండోలో ఇంటి కొలతలతో తడుముకుని, ఇవి ఎందుకు చాలవో తెలుసుకుని, ఆ మీదట అక్కడికి వెళ్ళాలట. మనదేశం కూడా అలాగే వెళ్ళింది కదా. 1956లో చట్టం చేసి 1958 నుంచి కిలోల తూకం తెచ్చారు. మీ నాయనమ్మ మటుకు పోయేదాకా సోల వదల్లేదు.

నీకు ఇసకలో ఆటలా కనబడింది ఇదే నాన్నా.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. దీని కోసమే కలం పట్టుకున్నాను.

మధ్యాహ్నం అన్నానికి ముందు అంకెలు చెప్పింది. అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి, దారం చుట్టి ఒక డబ్బాలో ఉంచారు. విడి పుల్లలు ఇంకో డబ్బాలో. దిదీ ఒడియాలో "తేఇశి" అంది. ఇద్దరు తెలుగు పిల్లలు పలక మీద 32 రాశారు. నా గుండె ఝల్లుమంది. నీకు గుర్తుందో లేదో, నాకు నిన్నటిలా ఉంది. నువ్వు రెండో తరగతిలో ఉండగా ఇదే తేఇశికి ఇదే ముప్పై రెండు రాశావు. అరచెయ్యి వాచిపోయి ఇంటికొచ్చావు. మొద్దు, తెలుగు మొద్దు అన్నారని చెప్పి ఏడ్చావు. మీ నాన్నేమో మాస్టారు కొట్టారంటే నీదే తప్పయ్యుంటుందన్నారు. నేను కొబ్బరినూనె రాసి, అన్నం కలిపి పెట్టి, ఊరుకున్నాను. బడికెళ్ళి ఏం జరిగిందని అడగలేదు.

దిదీ ఏం చేసిందో విను. ఆ ఇద్దరినీ ఏమీ అనలేదు. తేఇశి పుల్లలు తెమ్మంది. ఇద్దరూ రెండు కట్టలూ మూడు పుల్లలూ సరిగ్గా తెచ్చారు. అంటే లెక్క వాళ్ళకి తెలుసు! రాయడంలోనే తారుమారైంది. ఎందుకంటే మనం ఇరవై ముందు, మూడు తర్వాత అంటాం. చెవికి ఎలా వినబడిందో పలక మీద అలాగే పడుతుంది. ఒడియాలో తేఇశి అంటే మూడు ముందు పలుకుతుంది, ఇరవై వెనకొస్తుంది. బాఇశి అన్నా అంతే, రెండు ముందు. చెవిలో మూడు ముందు పడింది గనక పిల్లలు మూడే ముందు రాశారు. వాళ్ళ బుర్ర సరిగ్గానే పని చేసింది పెద్దబాబూ. నీ బుర్రా ఆ రోజు సరిగ్గానే పని చేసింది. ఇన్నేళ్ళకి ఒక పరాయి ఊరి పిల్ల ముందు చాప మీద కూర్చుంటే గానీ నాకు ఈ సంగతి తెలీలేదు. నువ్వు తొమ్మిదిలో లెక్కలంటే భయపడి బడి మానేసినప్పుడు కూడా నాకు తెలీలేదు. ఆ రోజు నేను బడి గడప తొక్కి ఉండాల్సింది. నన్ను క్షమించు.

పుల్లలు తెచ్చాక దిదీ ఎవరి ఇంటి మాటలో వాళ్ళని చెప్పమంది. మన పిల్లలు ఇరవై మూడు అన్నారు. ఒడియా పిల్లలు తేఇశి అన్నారు. సవర పిల్లాడు వాళ్ళ మాటలో ఇరవై అని, మీద మూడు అన్నాడు. మూడు మాటలకీ ముందున్న పుల్లలు అవే. అప్పుడు రాయమంటే ముందు కట్టలు, తర్వాత విడివి అని తమలో తాము అనుకుంటూ 23 రాశారు.

సవర లెక్క నాకు చాలా నచ్చింది. మనకి పది దగ్గర మలుపు ఉన్నట్టు వాళ్ళకి పన్నెండు దగ్గర మలుపు ఉంది. పదిహేనంటే పన్నెండూ మూడూ. ఇరవై దగ్గర ఇంకో మలుపు. ముప్పై రెండంటే ఇరవై, మీద పన్నెండు. అందుకని ఆ పిల్లాడు పదిహేను పుల్లల్ని పదీ ఐదుగా కాకుండా పన్నెండూ మూడుగా పేర్చాడు. వేరే వాళ్ళైతే తప్పని చెరిపేసేవాళ్ళు. ఈమె పక్కన కూర్చుని ఎందుకలా పేర్చావని అడిగింది. వాడు చెప్పాడు. గుడ్లూ అరటిపళ్ళూ డజన్లలో కొంటాం కదా, అలాంటిదే ఇది అని మిగతా పిల్లలకి చెప్పింది. తర్వాత వాడి పుల్లల్లోంచే పది కట్ట కట్టించింది. వాడి ముఖంలో సిగ్గు లేదు, బెదురు లేదు. ఇంటి దగ్గర నేర్చిన లెక్క కూడా లెక్కేనని వాడికి తెలిసిపోయింది.

గిడుగు రామమూర్తి పంతులు గారి మాట మీ తాతయ్య ఎన్నిసార్లు చెప్పేవారో నీకు తెలుసు. 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్ళో మాస్టారుగా చేరి, కొండల మీద నుంచి దిగే సవరల మాట విని, అది నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశారు, బళ్ళు పెట్టారు. మన ఇళ్ళలో ఆయన్ని వాడుక భాష పంతులు గారని గొప్పగా చెప్పుకుంటాం, ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన సవర పిల్లల పక్కన కూర్చుని మాటలు అడిగి రాసుకున్న సంగతి తక్కువగా చెప్పుకుంటాం. దిదీ కూడా ఒక చిన్న పుస్తకం పెట్టుకుంది, ఆ పిల్లాడి దగ్గర విన్న మాటలు ఒడియా అక్షరాల్లో రాసుకుంటోంది. నీళ్ళని డా అంటారని నాకూ నేర్పింది. గోడ మీద ఒక అట్ట మీద సవర లిపి కూడా ఉంది, 1936లో మంగెయి గొమాంగో చేసిన లిపి. అదే ఏడు ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై, పర్లాకిమిడి ఇటొచ్చింది. అటు పాతపట్నంలో మేనమామలు, ఇటు మనం.

చదవడం సంగతి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. బుజ్జి ఒడియా కథల పుస్తకం వేలు పెట్టి చదువుతోంది. మొదట్లో ఒడియా ఠ చూసి సున్నా అని చదివేదట, అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది కదా. ఘర అని రాసి ఘొరొ అని ఎందుకు పలకాలో దానికి అర్థమయ్యేది కాదట. ఇప్పుడు ఒడియా చదివేటప్పుడు నోరు గుండ్రంగా పెట్టాలి అని నాకే పాఠం చెప్తోంది. చదివాక దిదీ పుస్తకం మూసేసి, ఏం జరిగిందో మీ మాటలో చెప్పమంటుంది. మన పిల్లలు తెలుగులో చెప్తారు, ఆమె ఆ మాటల్ని ఒడియాలో బోర్డు మీద రాస్తుంది, అందరూ కలిసి చదువుతారు. మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా అర్థం తెలిసి చదవాలి, చిన్న లెక్కలు చేసుకోగలగాలి అని నిపుణ్ భారత్ అని 2021లో మొదలుపెట్టారు కదా, ఇదంతా దాని కిందకి వస్తుందని చెప్పింది. పథకాల పేర్లు నేను చాలా చూశాను. ఇక్కడ మటుకు పిల్లల నోట్లో మాట కనబడింది.

అన్నం దగ్గర కూడా లెక్కే. ఐదో తరగతి దాకా తలకి వంద గ్రాముల బియ్యం ఇస్తారు. ఇరవై ఇద్దరికి ఎంత అని పెద్దపిల్లలు వంట గది గుమ్మం దగ్గర నిలబడి కట్టారు. రెండు కిలోల రెండు వందలు. తక్కెడలో వంద గ్రాములు పెట్టి చూపిస్తే చిన్నపిల్లలు ఇంతేనా అన్నారు. వండాక కంచంలో చూసి, ఇంతైందా అన్నారు. బియ్యం ఎందుకు ఉబ్బుతుందో రేపు చూద్దాం అంది దిదీ. పప్పూ కూరగాయలూ కలిపి వండిన డాల్మా, గుడ్డు పెట్టారు. చేతులు కడుక్కునే దగ్గర వరస తప్పితే పిల్లలే ఒకరినొకరు సర్దుకున్నారు. అందరూ ఒక్క వరసలోనే కూర్చున్నారు, మన వీధి పిల్లలూ, ఆ వీధి పిల్లలూ, కొండ పిల్లలూ. నా చిన్నప్పుడు అలా కాదు.

అంతా బాగుందని చెప్పి నిన్ను నమ్మించాలని లేదు. గది మూల పెంకులు జారి వాన కురిసిన చోట గోడ నాచు పట్టింది. రెండు తరగతులు ఒక్కామె మీద ఉన్నాయి. ఒకటో తరగతి వాళ్ళకి చెప్తుంటే రెండో తరగతి వాళ్ళు ఊరికే కూర్చున్న సమయం నేను చూశాను. దిదీని సర్వేలకీ ఓటర్ల జాబితాలకీ పంపిన రోజుల్లో గదికి తాళమే. ముప్పై మంది పిల్లలకి ఒక టీచరు ఉండాలని చట్టంలో ఉంది, ఆ లెక్క చూస్తే సరిపోయింది అంటారు. కానీ ఒక్క మనిషి రెండు పాఠాలు ఒకేసారి ఎలా చెప్తుంది? ఇంగ్లీషు మటుకు అక్షరాలూ నాలుగు పాటలూ తప్ప ఇంకేం కనబడలేదు. నీ భయం అక్కడే ఉందని నాకు తెలుసు, అది ఉత్తి భయం కాదు.

తెలుగు పుస్తకం ఒక్కటీ లేకపోవడం నా మనసుని ఇంకా కలుక్కుమనిపించింది. ఒడియా కథలు చిన్న గూట్లో పేర్చి ఉన్నాయి, మనది ఒక్కటీ లేదు. చిన్నపిల్లలకి ఇంటి మాటలో చదువు చెప్పే వీలు చూడాలని రాజ్యాంగంలో 350ఎ అని ఒక అధికరణం ఉందని మీ తాతయ్య అనేవారు. ఒడియా నేర్వకూడదని కాదు, ఇక్కడ బతకాలంటే అది రావాలి, మనందరికీ వచ్చు. కానీ బుజ్జికి అ ఆలు నేర్పడానికి రాత్రి పూట నేను ఒక్కదాన్నే ఉన్నాను. వినాయక చవితికి బళ్ళో ఖడి పట్టించి ఒడియా అక్షరాలు దిద్దించారు, విజయదశమికి ఇంట్లో నేను బియ్యంలో ఓం నమః రాయించాను. ఇప్పుడు గుణింతాల దాకా వచ్చింది. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు పిల్లల ఇంటివాళ్ళే ఉండాలని 2009 చట్టం చెప్తోంది, అందులో సగం మంది ఆడవాళ్ళు. నన్ను కూర్చోమని అడిగారు. ఒప్పుకున్నాను. మొదటి రోజునే తెలుగు కథల పుస్తకాలూ, ఇంకో టీచరూ, గది పెంకులూ ఈ మూడూ అడుగుతాను. నీ రోజున నోరెత్తని దాన్ని, బుజ్జి రోజున ఎత్తుతాను.

ఇంగ్లీషు బడికెళ్ళే పక్కవీధి పిల్ల మనింటికి వస్తుంది కదా, బుజ్జి ఈడుదే. బంగారం లాంటి పిల్ల. వంద దాకా ఇంగ్లీషులో గడగడా చెప్తుంది, వరస తప్పదు. మొన్న చింతపిక్కలు ముందు పోసి ఇరవై మూడు ఏరి ఇమ్మన్నాను. తెలుగులో అడిగాను, ఇంగ్లీషులో అడిగాను. చెయ్యి కదపలేక ఏడుపు ముఖం పెట్టింది. ఒక్క పిల్లని చూసి ఆ బడినే తప్పు పట్టను, మంచి ఇంగ్లీషు బడులూ ఉంటాయి. కానీ ఆ పిల్ల ముఖంలో నాకు నీ ఏడేళ్ళ ముఖం కనబడింది. దానికి మాటలొచ్చాయి, వాటి వెనకాల పుల్లలు లేవు. బుజ్జికి ఇప్పుడిప్పుడే పుల్లలు చేతికొస్తున్నాయి. ఈ ఏడు దాన్ని లేపి, అర్థం కాని మాట మధ్యలో కూర్చోబెట్టొద్దు.

మూడో తరగతి అయ్యేదాకా ఆగు నాన్నా. అంతవరకూ ఇంగ్లీషుకి వేరే దారి చూద్దాం. ఎదురింటి కుర్రాడు కాలేజీలో చదువుతున్నాడు, సాయంత్రాలు గంట మాటలు నేర్పిస్తానన్నాడు. నువ్వు ఆటోకీ ఫీజుకీ పంపుతానన్న దాంట్లో పదో వంతు చాలు. మూడో తరగతి అయ్యాక కూడా నువ్వు మార్చాలనే అనుకుంటే నేను అడ్డురాను, నేనే తీసుకెళ్ళి చేర్పిస్తాను. కానీ ముందు నువ్వు ఒక్కసారి వచ్చి ఆ చాప మీద ఒక పూట కూర్చో. పండగ రోజులు వద్దు, బడి ఉన్న రోజుల్లో రా. కోడలు కూడా వస్తే మరీ మంచిది. దిదీని అడిగాను, రమ్మనండి మాఉసీ అంది.

ఫోనులో బుజ్జిని ఎన్ని మార్కులొచ్చాయని అడుగుతున్నావు. రెండో తరగతి పిల్లకి ఏం మార్కులుంటాయి? ఈ వారం ఏం కొలిచావు, ఎవరితో దెబ్బలాడావు, నీ ఊహ తప్పిందా సరిపోయిందా అని అడిగి చూడు. పావుగంట ఆగకుండా చెప్తుంది. పెసలు రెండు గుడ్డల్లో కట్టి, ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో పెట్టారట. చీకట్లో పెట్టినవి పొడుగ్గా, పాలిపోయి లేచాయట. ఎందుకో నన్నడిగింది, వెలుతురు వెతుక్కుంటూ సాగాయేమోనన్నాను. దిదీ కూడా అదే అంది, కానీ నువ్వెలా చెప్పావు అని బుజ్జి నన్ను నిలదీసింది. పొలం గట్టున చెట్టు నీడలో మొలిచిన కంది అలాగే ఉంటుంది కదా అన్నాను. ఆ మాట మర్నాడు బళ్ళో చెప్పొచ్చింది.

సోల ఇంకా ఇంటికి రాలేదు. శనివారం దాకా ఉంచమన్నారు, ఉంచాను. బియ్యం ప్రస్తుతం స్టీలు గ్లాసుతో పోస్తున్నాను.

ఇంకొక్కటి, ఇది నీ వంతు. ఇంట్లో పెద్దవాళ్ళు పని దగ్గర దేన్ని దేంతో కొలుస్తారో కనుక్కు రమ్మని దిదీ చెప్పింది. ఒకడు వాళ్ళ నాన్న తాపీ పని టేపు తెచ్చాడు. ఒక పిల్ల వాళ్ళమ్మ అడ్డాకుల కట్ట తెచ్చింది, కట్టకి ఎన్ని ఆకులో లెక్క చెప్పింది. బుజ్జి, మా నాన్న సూరత్‌లో గుడ్డ నేస్తాడు అని మటుకు చెప్పి కూర్చుందట. ఎంత నేస్తాడు, ఎలా కొలుస్తాడు అని పిల్లలందరూ అడిగితే తెలీదందట. ఇంటికొచ్చి నన్నడిగింది, నాకూ తెలీదు. ఒక మగ్గం మీద పూటకి ఎన్ని మీటర్లు దిగుతుంది, దాన్ని చూసేది మిషనా, నువ్వా, ఎన్ని మగ్గాలు నీ చేతి కింద ఉన్నాయి, అన్నీ రాసి పంపు. వీలైతే పాత గుడ్డ ముక్క సరిగ్గా ఒక మీటరు కత్తిరించి, వచ్చేవాళ్ళ చేత పంపించు. గదిలో తాడు కట్టి దాన్ని వేలాడదీస్తారట. దాని పక్కన నిలబడి తను ఎంత పొడుగుందో చూసుకోవాలని బుజ్జి రోజూ అడుగుతోంది.

ఉంటాను. వేళకి తిను.

మీ అమ్మ